మూతపెట్టిన పళ్ళెం

మొన్న నేను పనిచేసే స్కూల్లో సైన్సు టీచరు రిటైరవుతూ మమ్మల్నందరినీ ఏ.ఎస్. రావు నగర్‌లో కొత్తగా తెరిచిన ఒక రెస్టారెంటుకు తీసుకెళ్ళింది. గోడలకు నీలం, తెలుపు రంగులు. మెనూకార్డులో ఉన్న పేర్లకు ఎవరికీ నోరు తిరగడం లేదు. నల్లచొక్కా వేసుకున్న వెయిటరు పొగలు కక్కుతున్న పెనం ఒకటి తెచ్చి మా మధ్య పెట్టాడు.

"మేడమ్, ఇది హలూమీ. సైప్రస్ వాళ్ళ ట్రెడిషనల్ చీజ్. అక్కడ గెస్టులొస్తే ముందు ఇదే పెడతారు" అన్నాడు.

అందరూ తలా ఒక ముక్క తీసుకున్నారు. నమిలితే పళ్ళ మధ్య కీచుమంటుంది అది. పక్క కుర్చీలోంచి ఆ చప్పుడు వినబడగానే కుర్చీ వెనక్కి జరిపాను. లేచి వెళ్ళి, కుళాయి కింద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చాక "ఏం, పడలేదా?" అని అడిగారు. "మా బంధువుల్లో ఒకాయన ఉండేవాడు" అని మొదలుపెట్టి ఆపేశాను. నలుగురూ తింటున్నచోట చెప్పే సంగతి కాదు.

ఆయన మా మేనత్త భర్త. పోయి కొన్ని నెలలైంది. పోయినవాళ్ళ గురించి ఇలా రాయడం బాగుండదని మా అమ్మ అంటుంది. కానీ చర్చిలో, వీధిలో, బంధువుల్లో ఆయన మాట ఎత్తితే చాలు, "ఆహా, ఏం మర్యాద! ఏం పెట్టేవాడు!" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నోట్లో నీళ్ళూరతాయి. ఆకలితో ఊరే నీళ్ళు కావు, వాంతికి ముందు ఊరేవి.

మాది గోదావరి వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆయన మాత్రం బొల్లారంలోనే పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్న మిలటరీ మెస్సులో వంటవాడు. పెళ్ళై కూతురు పుట్టిన కొత్తలో ఎవరో ఏజెంటును పట్టుకుని మామయ్య సైప్రస్ వెళ్ళాడు. సముద్రం ఒడ్డున, టూరిస్టు బస్సులు ఆగేచోట ఒక భోజనశాలలో వడ్డించే పని. 'సంప్రదాయ భోజనం' అని బోర్డు పెట్టి, ఇంగ్లండు నుంచీ జర్మనీ నుంచీ వచ్చేవాళ్ళకు చిన్న చిన్న పళ్ళేల్లో ఒకదాని తర్వాత ఒకటి తెచ్చిపెడతారట. దాన్ని మెజ్జే అంటారు. బల్ల మీద ఖాళీ కనబడకూడదు. వచ్చినవాడు చాలంటే ఇంకోటి పెట్టాలి. ఆయన యవ్వనమంతా అలా పెట్టడంలోనే గడిచిపోయింది. జుట్టు నెరిశాక, ఆ భోజనశాల మూతపడ్డాక, బొల్లారం వచ్చి ఇంట్లో అదే పని మొదలుపెట్టాడు.

గేటు చప్పుడైతే చాలు, వరండాలోంచి రెండు చేతులూ చాపి "కోపియాస్తే!" అని అరిచేవాడు. రండి, మాతో కూర్చుని తినండి అని దానికి అర్థం. సైప్రస్ పల్లెల్లో దారినపోయేవాణ్ణి కూడా అలా పిలుస్తారట. చక్కటి మాటే. ఆయన నోట్లో మాత్రం అది వల విసిరినట్టుండేది. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడు, దారి తప్పి అడ్రసు అడిగినవాడు, ఎవరైనా సరే, లోపలికొచ్చి కూర్చోవాల్సిందే. కూర్చున్నాక లేవడం వాళ్ళ చేతుల్లో ఉండేది కాదు.

ముందు ఆ చీజు. పాలు విరగ్గొట్టి తనే తయారుచేయించేవాడు. ఉప్పునీళ్ళ బకెట్టులో తెల్లటి దిమ్మలు తేలుతుండేవి. మూత తీస్తే తడిబట్ట రోజుల తరబడి మూటగట్టి ఉంచిన వాసన. ఆ బకెట్టులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి దిమ్మను బయటికి తీసి, ఆ చేతిని ఒకసారి నాకి, అదే చేత్తో ముక్కలు కోసేవాడు. బొటనవేలి గోరు పొడుగ్గా పెంచాడు, పసుపు పచ్చగా. ఆ గోరుతో ముక్కను పళ్ళెంలోంచి ఎత్తి, పుదీనా ఆకు అంటించి, మన నోటిదగ్గరికి తెచ్చేవాడు. చేతికివ్వడు. నోట్లోనే పెట్టాలి.

"ఆఁ అను బిడ్డా. గిట్ల నోరు మూస్కుంటే ఎట్ల? సైప్రస్‌ల గిట్ల జేస్తే మా ఓనర్ పరేషాన్ అయితుండె."

నోరు తెరిచేదాకా చెయ్యి దించడు. తెరిచాక కుర్చీ వెనక నిలబడి, పక్కకు వంగి, మన దవడ కదులుతుంటే చూస్తాడు. మనం నమిలితే ఆయన పెదాలు కూడా కదిలేవి. మనం మింగితే ఆయన గొంతు కూడా కదిలేది. ఆ చూపు నేను ఈ జన్మలో మరిచిపోను.

ఇంకోటి పులిసిన పాలతో చేసే సూపు. ఎండల్లో మిద్దె మీద పాలు నాలుగైదు రోజులు పులియబెట్టి, గోధుమనూక వేసి ఉడికించి, ముద్దలు చేసి ఎండబెట్టి, కావలసినప్పుడు నీళ్ళలో కరిగించి కాస్తారు. ఆ రోజుల్లో మిద్దె మీదికి వెళ్ళాలంటే ఈగల మధ్యనుంచి వెళ్ళాలి. ద్రాక్షతో చేసిన ఒక తెల్లటి సారా ఉండేది, జివానియా అని. ఎవరో తెలిసినవాళ్ళు తెచ్చిచ్చేవారు. దాన్ని తాగేవాడు, జలుబు చేస్తే ఛాతీకి రుద్దుకునేవాడు, ఆ చేత్తోనే మళ్ళీ వడ్డించేవాడు. పాస్టరుగారొస్తే మాత్రం సీసా మార్చి తియ్యటి నల్ల వైన్ తెచ్చి, "ఇది ప్రభువు తాగిందే పాస్టరుగారూ, జెర రుచి చూడుండ్రి" అనేవాడు. పాస్టరుగారు మొహమాటంగా నవ్వి గ్లాసు పెదాలకు తాకించి పెట్టేవారు.

ఒకసారి వానాకాలంలో వాళ్ళింటికి వెళ్ళి బాత్రూమ్ తలుపు తీశాను. గోడల నిండా నత్తలు. అద్దం మీద ఒకటి, సబ్బుపెట్టె మీద ఒకటి, టూత్‌బ్రష్షులు పెట్టిన గ్లాసు అంచున ఒకటి మెల్లగా పాకుతోంది. తెల్లటి బంక చారలు. కంటోన్మెంటు గోడలమీంచి ఏరుకొచ్చి, వాటి కడుపు శుభ్రం కావాలని పిండి వేసి టబ్బులో ఉంచాడట. మూత జారిపోయింది. నేను అరిచిన అరుపుకు ఆయన పరుగెత్తుకొచ్చి, ఒక్కొక్కదాన్నీ పువ్వులు కోసినట్టు కోసుకుని లుంగీలో వేసుకుంటూ, "భయపడకు బిడ్డా, సాయంత్రం ఉల్లిగడ్డ ఏసి ఒండిస్త" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ తిండిలో తప్పేమీ లేదు. సైప్రస్ పల్లెల్లో ముసలమ్మలు అవే వంటలు ఎంత శుభ్రంగా, ఎంత ప్రేమగా చేసుకుని తింటారో నాకు తెలియదు, చేసుకుంటారనే అనుకుంటాను. మా గోదావరి వైపు కూడా నత్తలు తినేవాళ్ళున్నారు. నాకు రోత పుట్టించింది ఆయన పెట్టే తీరు. మనిషికి ఆకలి ఉందా లేదా అన్నది ఆయనకు అక్కర్లేదు. ఇష్టముందా అన్నది అసలే అక్కర్లేదు. బల్ల నిండాలి, నోరు నిండాలి, బయటికెళ్ళి చెప్పుకోవాలి.

పైగా ఆయన వండడు. వండేది మా అత్తయ్య. మేకపొట్ట చుట్టూ వలలా ఉండే కొవ్వుపొర ఉంటుంది. దాంట్లో కైమా చుట్టి బొగ్గులమీద కాలుస్తారు. ఆ పొరను వేణ్ణీళ్ళలో ఒక్కొక్క మడతా విప్పి కడిగేది అత్తయ్య. కడుగుతూ మొహం పక్కకు తిప్పుకునేది. పెరట్లో ద్రాక్షపందిరి ఆకులు కోసి, ఉడకబెట్టి, అన్నమూ కైమా పెట్టి చుట్టలు చుట్టేదీ ఆవిడే. అందరూ వెళ్ళాక వంటింటి గడప మీద కూర్చుని చల్లారిన అన్నంలో మజ్జిగ పోసుకుని తినేది. "మీరు చేసినవి మీరు తినరా అత్తయ్యా?" అంటే, "ఆ వాసన పీల్చీ పీల్చీ కడుపు నిండిపోద్దే" అనేది.

ఇక షారోన్ సంగతి. మామయ్యకు ఒక్కతే కూతురు. నాకంటే చాలా చిన్నది, నా చేతుల్లో పెరిగింది. ఉద్యోగంలో చేరాక తోటి ఉద్యోగి హరీష్‌ను ఇష్టపడింది. వాళ్ళది విజయనగరం వైపు నుంచి వచ్చిన హిందూ కుటుంబం. రెండువైపులా కొంత గొణిగారు కానీ చివరికి ఒప్పుకున్నారు. కార్తీకమాసం వెళ్ళాక ఒక ఆదివారం, చర్చి అయిపోయాక, అబ్బాయి తల్లిదండ్రులు బొల్లారం భోజనానికి వస్తామన్నారు. మాటలు ఖాయం చేసుకోవడానికి.

సాయం చేద్దామని నేను శనివారమే వెళ్ళాను. ముందు గది దాటి పెరట్లోకి వెళ్ళేసరికి మామయ్య సపోటా చెట్టు కింద స్టూలు మీద నిలబడి ఉన్నాడు. కొమ్మల మధ్య సన్నటి వెదురుపుల్లలు గుచ్చి ఉన్నాయి. వాటికి ఎలుకలు పట్టే జిగురు పూశాడు. ఒక పుల్లకు చిన్న బూడిదరంగు పిట్ట ఒక రెక్కతో అంటుకుని తలకిందులుగా వేలాడుతోంది. రెండో రెక్క కొట్టుకుంటోంది. ఆయన వంకాయ కోసినట్టు దాన్ని పట్టి లాగాడు. ఈకలు పుల్లకే ఉండిపోయాయి. బొటనవేలు దాని మెడమీద పెట్టి నొక్కాడు. నోట్లో ఏదో చర్చి పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆ చిన్న చప్పుడైనప్పుడు కూడా రాగం ఆగలేదు.

"ఏం చేస్తున్నారు మామయ్యా?"

"రేపటికి స్పెషల్ బిడ్డా. అంబెలోపూలియా. సైప్రస్‌ల పట్టద్దని కాయిదా ఉన్నది, పోలీసోళ్ళు వస్తరు. గందుకే దానికంత గిరాకీ! పెద్ద పెద్ద గెస్టులు వచ్చి చెవుల అడుగుతుండ్రి. నేనే మూతపెట్టి తీస్కపోతుంటి. వేరే ఎవ్వలకు ఇస్తుండకపోయె ఓనరు, నాకే ఇస్తుండె."

స్టూలు కింద స్టీలు గిన్నెలో అప్పటికే కొన్ని ఉన్నాయి. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "చెప్పి చెప్పి నోరు పడిపోయిందే. ఎవరైనా చూసి కంప్లయింటు ఇస్తే? నువ్వైనా చెప్పు" అంది.

ఇంతలో షారోన్ వచ్చింది. చెట్టు చూసింది, గిన్నె చూసింది. లోపలికెళ్ళి వేరుశనగనూనె గిన్నె తెచ్చి, ఇంకా ప్రాణం ఉన్న పిట్టను పుల్లతో సహా కిందికి దింపి, ఒళ్ళో పెట్టుకుని రెక్కకు నూనె రాయడం మొదలుపెట్టింది. జిగురు నూనెకు వదులుతుంది. చాలాసేపు రాసింది. రెక్క పుల్లను వదిలింది కానీ పిట్ట లేవలేదు. అరచేతిలో అలా వెచ్చగా పడుకుని చచ్చిపోయింది. షారోన్ వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాన్నా, రేపు ఇవి పెట్టకు. ఇంకేమైనా పెట్టుకో. ఇవి మాత్రం వద్దు. నాకు మాటియ్యి."

"సరే పెట్టను తియ్. గింతదానికి ఏడుస్తరా?" అని నవ్వుతూ దాని నెత్తిమీద చెయ్యి పెట్టాడు. చేతికి ఈకలు అంటుకుని ఉన్నాయి.

షారోన్ తల దులుపుకుని, గదిలోకెళ్ళి హరీష్‌కు ఫోన్ చేసింది. తలుపు తీసే ఉంది. చెట్టు, జిగురు, పిట్ట అరచేతిలో చచ్చిపోవడం, అన్నీ ఏడుస్తూనే చెప్పింది. అవతల ఏమన్నాడో నాకు వినపడలేదు. ఏదో ఊరడించాడనే అనుకున్నాను, ఎందుకంటే చివరికి అది నవ్వింది.

మర్నాడు వాళ్ళొచ్చారు. హరీష్ తండ్రి లావుపాటి మనిషి, గలగలా మాట్లాడతాడు. తల్లి సన్నగా, నెరిసిన జుట్టు ముడి వేసుకుని, కొత్తచోట ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది. అత్తయ్యను చూసి "మీరూ కూకోండి వదినగారూ" అని రెండుసార్లు అంది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. అత్తయ్య కంగారుపడి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పళ్ళేలు రావడం మొదలైంది. చీజు, నువ్వులముద్ద, ద్రాక్షాకు చుట్టలు, కొవ్వుపొరలో కాల్చిన కైమా. హరీష్ తండ్రి వచ్చినవన్నీ వచ్చినట్టే ఊడ్చేస్తున్నాడు. "అద్భుతం బావగారూ!" అంటూ నూనె కారుతున్న చేత్తో మామయ్య వీపు చరిచాడు. మామయ్య మొహం వెలిగిపోయింది. కుర్చీల వెనక అటూ ఇటూ తిరుగుతూ, ఒక్కొక్కరి దవడా చూస్తూ, ఖాళీ అయిన పళ్ళెంలోని నూనెను వేలితో తుడిచి నాక్కుంటూ ఉన్నాడు. తల్లి మాత్రం ప్రతిదీ చిన్న ముక్క తుంచుకుని నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతోంది.

అప్పుడు మామయ్య లోపలికెళ్ళి, పైన స్టీలు మూత బోర్లించిన పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. నడక మారిపోయింది. సైప్రస్‌లో ఆ పెద్ద గెస్టుల దగ్గరికి ఎలా నడిచేవాడో అలాగే నడిచాడనుకుంటాను, కొంచెం వంగి, మెల్లగా, రహస్యంగా. షారోన్ లేచి నిలబడింది.

"నాన్నా, మాటిచ్చావు."

"కూసో బిడ్డా. గెస్టుల ముంగట లొల్లి జెయ్యద్దు." మూత తీశాడు. వెనిగర్ వాసన గుప్పుమంది. తలలతో, కాళ్ళతో, ముడుచుకుని వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నేరుగా తల్లి దగ్గరికే వెళ్ళాడు. "ఇగో చెల్లెమ్మా, ఫస్టు నీకే. తలకాయతోటి నమలాలె. బొక్కలు మెత్తగ ఉంటయ్."

"ఏటండీ అన్నయ్యగారూ ఇవి? కౌజుపిట్టలా?"

"కౌజే, కౌజే. తిను ముందు."

ఆవిడ కొడుకు వైపు చూసింది. నేనూ అతని వైపే చూశాను. హరీష్‌కు అవేమిటో తెలుసు. నిన్ననే ఏడుస్తూ చెప్పింది షారోన్. అతను షారోన్ వైపు ఒకసారి చూసి, కన్ను గీటి, తల్లితో "తినమ్మా, ఏం కాదు. సూపర్ ఉంటుందంట" అన్నాడు. అంటూనే జేబులోంచి ఫోన్ తీసి బల్ల అంచుకు ఆనించి పట్టుకున్నాడు.

"వద్దండీ..." అని షారోన్ అనేలోపే మామయ్య ఆవిడ నోటికి అందించేశాడు, ఆ గోరుతోనే. ఆవిడ మర్యాదకు నోరు తెరిచింది. నమిలింది. ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. కష్టపడి మింగి, పైటతో పెదాలు తుడుచుకుని, "బాగున్నాదండీ" అంది.

మామయ్య చప్పట్లు కొట్టాడు. "కౌజు కాదు చెల్లెమ్మా! గా చెట్టు మీది పిట్టలే. నిన్న పొద్దున దాంక పాటలు పాడినయ్. ఎలకల జిగురు పెట్టి పట్టిన. పేగులు సుత తియ్యలే, గట్లనే ఉంటేనే రుచి!"

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. కుర్చీ వెనక్కి తోసి లేచింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, వేళ్ళ సందుల్లోంచి కారింది. హరీష్ తండ్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. మామయ్య నవ్వాడు. హరీష్ నవ్వుతూనే ఫోన్ తల్లి వైపు తిప్పుతూ, "అమ్మా, ఇటు చూడు, ఒక్కసారి ఇటు చూడు" అన్నాడు.

షారోన్ ఆవిణ్ణి పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను తువ్వాలు పట్టుకుని వెనకే వెళ్ళాను. ఆవిడ చాలాసేపు కక్కుకుంది. షారోన్ వీపు నిమురుతూ, నీళ్ళు పోస్తూ, ఆవిడ చీర కుచ్చిళ్ళు కడిగింది. లోపలినుంచి నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. ఫోన్లో తీసింది మళ్ళీ వేసుకుని చూస్తున్నారు.

ఆవిడ మొహం కడుక్కుని, గోడకానుకుని నిలబడి, షారోన్ వైపు చూసింది.

"మా ఓడు నవ్వినాడు, సూసినావా అమ్మా?"

"చూశానండీ."

"మా కాలంలో ఫోన్లు నేవు గానీ, ఆల్ల నాన్నదీ ఇదే నవ్వు. పెళ్ళయిన కాడినుంచీ ఇంటన్నాను." తువ్వాలు తీసుకుని మెల్లగా మడత పెట్టింది. "నానేటీ సెప్పన్లే తల్లీ. కన్నతల్లిని, నానేటి సెప్తాను? నువ్వు సూసినావు, అంతే."

తువ్వాలు నా చేతికిచ్చి లోపలికెళ్ళి, ఏమీ జరగనట్టు మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చుంది.

ఆ వారంలోనే షారోన్ హరీష్‌తో పెళ్ళి వద్దని చెప్పేసింది. "జోక్ కదా, దీనికింత సీనా?" అన్నాడట అతను. తను ఫోన్ పెట్టేసిందట.

మామయ్య నా దగ్గరికొచ్చాడు, షారోన్‌కు నచ్చజెప్పమని. మా ఇంట్లో అప్పుడే టిఫిన్ వేళ. కూర్చోండి మామయ్యా అని ఉప్మా పళ్ళెం ముందు పెట్టాను. ఆయన కూర్చోలేదు. నా పళ్ళెంలో ఉప్మా తగ్గినట్టనిపించిందేమో, గరిటె తీసుకుని నాకు వడ్డించాడు, మా ఆయనకు వడ్డించాడు. "కూసుంటే నాకు బువ్వ దిగది బిడ్డా. అలవాటు తప్పింది" అన్నాడు. నిలబడే రెండు ముద్దలు మింగి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"నేను ఏం తక్కువ జేసిన చెప్పు? టేబుల్ మీద జాగ లేకుండ పెట్టిన. పిల్లగాని తండ్రి ఇంటికి పోయినంక సుత ఫోన్ జేసిండు, గసొంటి భోజనం ఎన్నడు తినలే అన్నడు. మరి దీనికేం తక్లీఫ్?"

"మీరు మాటిచ్చి తప్పారు మామయ్యా. వాళ్ళమ్మగారికి అబద్ధం చెప్పి తినిపించారు. ఆవిడ వాంతి చేసుకుంటుంటే అందరూ కలిసి నవ్వారు."

ఆయన నావైపు అర్థంకానట్టు చూశాడు. మోసం చేసేవాడి చూపు కాదది, నిజంగానే అర్థం కాలేదు. మళ్ళీ గరిటె అందుకుని అడిగాడు.

"కక్కుడు తర్వాత సంగతి. ముందైతే మంచిగనే తిన్నరు గద?"

నేను పళ్ళేలు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయాను. ఆయన గరిటె పట్టుకుని హాల్లో అలాగే నిలబడి ఉన్నాడు, ఎవరైనా ఇంకొంచెం వెయ్యమంటారేమోనని.

షారోన్ బోయిన్‌పల్లిలో గది తీసుకుని వెళ్ళిపోయింది. తండ్రి ఫోన్ చేస్తే మాట్లాడేది. ఆయన చేతి ముద్ద మాత్రం మళ్ళీ తినలేదు. ఆయన దానివల్ల మారాడా అంటే, మారలేదు. ఆ వీడియో హరీష్ తండ్రి ఆయనకూ పంపించాడు. వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. తన కూతురి పెళ్ళి చెడగొట్టిన ఆ నిమిషాన్ని వేలితో మళ్ళీ మళ్ళీ నొక్కి, "చూడు, చూడు, ఎట్ల నములుతుందో చూడు" అనేవాడు. వాంతి దగ్గరికి రాగానే ఆపేసేవాడు.

గుండెపోటుతో పోయాడు. మధ్యాహ్నం వేళ, వరండాలో, ఎవరికో ఏదో అందిస్తూనే. సమాధి కార్యక్రమానికి జనం బాగా వచ్చారు. ఆటోవాళ్ళు, సిలిండరు అబ్బాయి, మిలటరీ క్వార్టర్ల వాచ్‌మన్లు. ఒక్కొక్కరూ నా దగ్గరికొచ్చి ఆయన తమకేం తినిపించాడో చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళ కన్నీళ్ళు నిజమైనవే. నేను తలూపుతూ విన్నాను. నాకు ఏడుపు రాలేదు. తెప్పించుకుందామని ప్రయత్నించాను కూడా. ఆయన గోరే గుర్తొచ్చింది.

కొన్నాళ్ళు పలకరింపులకు వచ్చేవాళ్ళతో ఇల్లు ఖాళీగా ఉండలేదు. వాళ్ళకు టీలు, భోజనాలు. ఒకరోజు పొద్దున్నే అత్తయ్య నాకూ షారోన్‌కూ ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళేసరికి వంటిల్లు ఖాళీ చేస్తోంది. ఉప్పునీళ్ళ బకెట్లు, వెనిగర్ సీసాలు, ఎండబెట్టిన పులిసిన ముద్దల డబ్బాలు, ఫ్రీజర్‌లో అట్టడుగున ప్లాస్టిక్ కవర్లలో గడ్డకట్టినవి. ఒక్కటి కూడా మూత తీసి చూడలేదు. చెత్తబండివాడు ముక్కు మూసుకుని, "ఏందమ్మా గీ వాసన, జెర ముందు చెప్పాలె గద" అన్నాడు. "ఇంకెప్పుడూ రాదులే బాబూ" అంది అత్తయ్య.

తర్వాత ముగ్గురం కలిసి నేల కడిగాం, అరలు కడిగాం, కిటికీలు తీసిపెట్టాం. అత్తయ్య స్నానం చేసి వచ్చి వంట చేసింది. అన్నం, ముద్దపప్పు, టమాటా చారు, వడియాలు. నేను వడ్డించబోతే గిన్నెలన్నీ బల్ల మీదికే తెమ్మంది. తను కుర్చీ లాక్కుని కూర్చుంది. మామూలుగా గడప మీద కూర్చునే మనిషి బల్ల దగ్గర కూర్చునేసరికి ఎత్తు తేడాగా అనిపించిందేమో, ఒకసారి కుర్చీని ముందుకు జరుపుకుంది. పొగలొస్తున్న అన్నంలో పప్పు కలుపుకుని, వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ తినడం మొదలుపెట్టింది. షారోనూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కాలింగ్ బెల్ మోగింది. షారోన్ లేవబోయింది.

"కూర్చోవే. తిను" అంది అత్తయ్య.

"ఎవరో పలకరించడానికి వచ్చుంటారమ్మా."

"వస్తారు. రేపొస్తారు, ఎల్లుండొస్తారు. ఇప్పుడు నేను అన్నం తింటన్నాను."

బెల్ మళ్ళీ మోగింది. బయట ఇద్దరు ముగ్గురు మాట్లాడుకోవడం వినబడింది. మగగొంతు ఒకటి "ఇంట్ల లేనట్టుండ్రు" అంది. చెప్పులు చప్పుడు చేసుకుంటూ గేటు దాకా వెళ్ళాయి, గేటు గడియ పడింది. అంతవరకూ అత్తయ్య చెయ్యి కంచంలో ఆగి ఉంది. తర్వాత చారు గిన్నె తన వైపు లాక్కుని, ఎవరి దవడ వైపూ చూడకుండా, నిండుగా పోసుకుంది.